జవాబు కింద గీత: సాబెరా బేగం గారి ఉపాధ్యాయ జీవితం

పంతొమ్మిది వందల తొంభై ఆరు నవంబరు పదకొండవ తేదీ, సోమవారం ఉదయం, శివ్వంపేటలోని ఒక ప్రాథమిక పాఠశాలలో శ్రీమతి సాబెరా బేగం గారు ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. మెదక్ పట్టణంలో పుట్టి, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగి, రెండు భాషల్లోనూ లెక్కలను సమానంగా ప్రేమించిన ఆమె నాడు ప్రారంభించిన ప్రయాణం, ఈ మే నెలాఖరున మన ఉన్నత పాఠశాల గణితోపాధ్యాయినిగా సగౌరవంగా ముగియనున్నది. ఆమెతో చాలా ఏళ్లుగా ఒకే స్టాఫ్‌రూములో కూర్చున్న తెలుగు పండితుడిగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. లెక్కల మేడం గురించి తెలుగు సారు రాయడమేమిటని కొందరు నవ్వవచ్చు. అంకె తప్పితే ఆమె దిద్దుతారు, అక్షరం తప్పితే నేను దిద్దుకుంటాను.

శివ్వంపేటలో ఆమెకు దక్కినది రెండు తరగతులు కలిసి కూర్చునే ఒకే గది. నాట్ల రోజుల్లో బడి ఖాళీ అయితే, ఆమె పొలం గట్టు దాకా నడిచి వెళ్లి పిల్లలను పిలుచుకొని వచ్చేవారని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు. అనంతరం పదోన్నతిపై నర్సాపూర్ ఉన్నత పాఠశాలకు వెళ్లి, నిత్యం మెదక్ నుంచి బస్సులో రాకపోకలు సాగిస్తూ, ఆ బస్సులోనే పరీక్ష పేపర్లు దిద్దేవారు. కుదుపులకు ఎర్రసిరా ఎటో పోతే, ఆ పక్కనే "వంకర బస్సుది, మార్కు నీది" అని రాసేవారట. ఈ పరుగులన్నింటిలోనూ ఆమెకు అండగా నిలిచిన భర్త అహ్మద్ గారు మన పట్టణంలో గడియారాల దుకాణం నడుపుతున్నారు. ఊళ్లో గడియారాలన్నీ తాను బాగు చేసినా, తమ ఇంట్లో టైమెంతో చెప్పేది మాత్రం మేడమేనని ఆయన చమత్కరిస్తుంటారు.

మన పాఠశాలకు బదిలీపై వచ్చిన నాటికే ఆమె బోధనలో ఒక పద్ధతి స్థిరపడి ఉంది. జవాబు పూర్తికాగానే దాని కింద స్కేలు పెట్టి, పెన్నుతో నిండుగా ఒక గీత గీయాలి. ఆలోచించడం అక్కడికి అయిపోయిందని, ఇక వెనక్కి చూడకుండా తరువాతి లెక్కకు వెళ్లమని ఆ గీతకు అర్థం. భయస్తులైన పిల్లలు చేసిన లెక్కనే కొట్టివేసి, మళ్లీ చేసి, చివరికి ఒప్పును తప్పుగా మార్చుకోవడం చూసి చూసి ఆమె ఈ నియమం పెట్టారు. ఎక్కం తప్పినవారిని ఆమె క్షమించేవారు గానీ, గీత మరచినవారిని మాత్రం నిలబెట్టి మరీ గీయించేవారు. మేడం పిల్లలు ఎవరో తెలియాలంటే నోటుబుక్కు తెరిస్తే చాలునని మేమంతా అనుకునేవాళ్లం.

గత విద్యాసంవత్సరంలో మన పదవ తరగతి గదికి జవాబు పత్రాలు దిద్దే కెమెరా వచ్చింది. ఉపాధ్యాయుని బల్లపై స్టాండుకు బిగించి ఉంటుంది. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగేసి సున్నాలు ఉన్న కాగితంలో పిల్లలు సరైన సున్నాను నల్లగా నింపుతారు. ఆ కాగితాన్ని కెమెరా కింద పెడితే, రెప్పపాటులో మార్కులు తెరపై కనిపిస్తాయి. పదవీ విరమణ దగ్గరపడినవారు కొత్త యంత్రం జోలికి పోరని లోకం అనుకుంటుంది. సాబెరా గారు మాత్రం అందరికంటే ముందు దానిని నేర్చుకొని, మాబోటి మొద్దులకు కూడా ఓపికగా నేర్పించారు. నేను కాగితాన్ని మూడుసార్లు తలకిందులుగా పెట్టినా ఆమె నవ్వలేదు, అది ఆమె సంస్కారం.

సెప్టెంబరులో కెమెరాతో తొలి పరీక్ష జరిగింది. దాని మార్కులను బట్టి పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు ప్రత్యేక తరగతుల్లో కూర్చోవలసిన పిల్లలను ఎంపిక చేయాలన్నది నిర్ణయం. సాయంత్రానికల్లా జాబితా నోటీసు బోర్డుపైకి ఎక్కింది. అందులో కుల్చారం నుంచి వచ్చే వర్షిత పేరు లేదు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండే ఆ అమ్మాయికి కెమెరా ఇచ్చింది ఒకే ఒక్క మార్కు. మరునాటి నుంచి ఆమె బడికి రాలేదు. చదువు తనకు రాదని ఇంట్లో చెప్పిందనీ, కూలి పనులకు వెళ్లే తల్లి శివమ్మ ఆమెను కుట్టుపని నేర్చుకోవడానికి పంపే ఆలోచనలో ఉన్నదనీ తోటి పిల్లల ద్వారా తెలిసింది.

సాబెరా గారు వర్షిత కాగితాన్ని తీసి స్వయంగా చూశారు. నింపిన సున్నాలు దాదాపు అన్నీ సరైనవే. కానీ ప్రతి జవాబు కింద, మేడం నేర్పినట్టే, స్కేలు పెట్టి నిండుగా గీసిన గీత ఉంది. ఇరుకైన ఆ కాగితంలో ఆ గీత కింది వరుస సున్నాల మీదుగా పోయింది. కెమెరా దానిని కూడా నింపిన సున్నాలుగా లెక్కించి, ఒక ప్రశ్నకు ఒకటికి మించి జవాబులు ఉన్నాయని మార్కు కొట్టివేసింది. పైన ఏ గీతా లేని మొదటి ప్రశ్న ఒక్కటే బతికి బయటపడింది. మిగతా కాగితాలు తిరగేస్తే సంగతి తేటతెల్లమైంది. మేడం మాటను పెడచెవిన పెట్టినవారికి మార్కులు వచ్చాయి, తు.చ. తప్పకుండా విన్నవారే దెబ్బతిన్నారు. కెమెరాను పరీక్షించిన నాడు కాగితాలు నింపినది ఉపాధ్యాయులమైన మేమే కనుక, మాలో ఎవరికీ గీత గీయాలని తోచనే లేదు.

యంత్రంలో లోపమని చెప్పి మార్కులు సవరిస్తే సరిపోతుందని ప్రధానోపాధ్యాయులు సదుద్దేశంతోనే సూచించారు. ఆమె అంగీకరించలేదు. మరునాడు ఉదయం ప్రార్థన సమావేశంలో, బడి అంతటి ముందు నిలబడి, ఆ పొరపాటు ఎలా జరిగిందో వివరించి, అది తనదేననీ, కాగితాలన్నీ చేత్తో మళ్లీ దిద్ది జాబితా మారుస్తాననీ చెప్పారు. ఆ క్షణాన నా కళ్లు చెమ్మగిల్లాయని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. మధ్యాహ్నం ఆమె కుల్చారం బస్సెక్కారు, తోడుగా నేనూ వెళ్లాను.

వర్షిత మమ్మల్ని చూసి తలుపు వెనక్కి వెళ్లింది. శివమ్మ కుర్చీ వేసినా మేడం కూర్చోలేదు.

"వర్షితా, నీ జవాబులన్నీ మంచిగనే ఉన్నయి. గీత గీయుమన్నది నేను, కెమెరాను నమ్మింది నేను. తప్పు నాది బిడ్డా" అన్నారు.

శివమ్మ నివ్వెరపోయింది. "మీరు పెద్దోళ్లు మేడం. మిషిన్ తప్పు జేసిందని చెప్పినా మేము నమ్ముతుంటిమి గద" అన్నది.

"మిషిన్‌కేం తెలుసమ్మా. దాని కింద కాయితం వెట్టింది నేను" అన్నారు సాబెరా గారు.

చాలాసేపటికి వర్షిత తలుపు చాటునుంచి వచ్చి, ఇకమీదట గీత గీయాలా వద్దా అని అడిగింది. నోటుబుక్కులో గీయమనీ, కెమెరా కాగితంపై వద్దనీ మేడం చెప్పారు. ఆ అమ్మాయికి కావలసినది ఆ ఒక్క సమాధానమే కాబోలు, మరునాడు మొదటి బస్సుకే బడికి వచ్చింది.

ఆనాటి నుంచి మన బడిలో కెమెరా ఇచ్చిన మార్కును, ఎవరి కాగితాన్ని వారు చూసుకొని ఒప్పుకున్న తరువాతే, ప్రకటిస్తున్నాము. సాబెరా గారు పట్టుబట్టి పెట్టించిన ఈ పద్ధతి ఆమె వెళ్లిన తరువాత కూడా కొనసాగుతుంది. అభినందన వ్యాసంలో పొరపాటు ప్రస్తావన బాగుండదని కొందరు మిత్రులు అన్నప్పుడు, చిత్తుప్రతిని ఆమెకే చూపించాను. అది తీసేస్తే తన పేరు కూడా తీసేయమన్నారు.

వర్షిత ప్రత్యేక తరగతుల్లో చదివి, పదవ తరగతిలో ఉత్తమ శ్రేణిలో ఉత్తీర్ణురాలై, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష కూడా రాసింది. పదవ తరగతి ఫలితాలు వచ్చిన నాడు కూలి మానుకొని బడికి వచ్చిన శివమ్మ, నాతో అన్న మాటను ఈ సంచికలో భద్రపరచడం నా విధి. "మార్కులు ఎవరన్న ఇస్తరు సారూ. మా ఇంటిదాంక వచ్చి, నా బిడ్డ ముంగట నిలవడి, తప్పు నాదని చెప్పినోళ్లు మాత్రం మేడం ఒక్కరే."

సాబెరా బేగం గారూ, ఇన్నాళ్లూ ఇతరుల పిల్లల కోసం వెచ్చించిన ఉదయాలు ఇకమీదట మీవి కావాలి. అహ్మద్ గారితో, మనవలతో, అలసట ఎరుగని ఆరోగ్యంతో నిండు నూరేళ్లూ మీరు చల్లగా ఉండాలి. మీరు లేని ఈ బడిలో రేపు మావల్ల ఏ బిడ్డకైనా అన్యాయం జరిగితే, ఆ బిడ్డ గడప దాకా నడిచి వెళ్లే ధైర్యం మాకు కలగాలని, ఈ ఒక్కటి మాత్రం మాకోసం మేము కోరుకుంటున్నాము.

జనార్దన్
తెలుగు పండితుడు, మెదక్