తిరిగి చెప్పని పలకరింపు

ఫిన్లాండ్ ఉత్తరాన, నది ఒడ్డున ఒక పల్లె. మార్చి నెల, మధ్యాహ్నం. మంచం మీద తల్లి ఐలి. ఆమెను చూసుకుంటున్న కూతురు సిర్కా. సాయంత్రం ఆ గదిలోనే విశ్వాసుల కూడిక జరగాలి.

"మాట మార్చకు. ఒక్క వాక్యం అడుగుతున్నాను."

"ఇటు తిరుగమ్మా. దుప్పటి తడిసింది."

"ఒక్క వాక్యం, సిర్కా. బోధకుడు వేయ్కో వస్తాడు, పాట అవుతుంది, ప్రసంగం అవుతుంది. ఆఖర్న నువ్వు లేచి, నా పాపాలు క్షమించబడ్డాయని నమ్మొచ్చా అని అడుగు. నమ్ము అంటాడు. అంతే. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది."

"ఇంకొంచెం తిరుగు."

"తిరుగుతున్నానే. నాకేమన్నా రెక్కలున్నాయా?"

"ఇంకా రాలేదులే."

"వేళాకోళాలకేం తక్కువ లేదు."

"నమ్మనిది నోటితో అంటే అబద్ధమేగా అమ్మా. అబద్ధమాడానని సబ్బుతో నా నోరు కడిగింది నువ్వే."

"అప్పుడు చిన్నపిల్లవి."

"రుచి ఇంకా గుర్తుంది."

"చూడు. నీకు అడ్డం వచ్చేది నీ పనులే. కడుగుతున్నావు, తినిపిస్తున్నావు, ఇది చాలదా అనుకుంటున్నావు. చాలదు తల్లీ. విశ్వాసం లేకపోతే మన మంచి పనులు దేవుడి ముందు మురికి గుడ్డలు."

"మురికి గుడ్డల సంగతి నాకు చెప్పకు. రోజూ ఉతికేదాన్ని."

"నవ్వించకు. పక్కలో పొడుస్తుంది."

"నిన్ను కడిగేది పరలోకం కోసం కాదు. తడిసిపోయావని."

"అదే నేనూ చెప్పేది. లెక్కలోకి రాదు."

"లెక్కలో వెయ్యమని నేనెవర్ని అడిగాను? నడుము కొంచెం ఎత్తు. చాలు."

"కెర్తు వస్తానందా?"

"వస్తుంది. బన్నులు పొయ్యిలోంచి తీసే వేళకి."

"అలా అనకు. నాకోసం రోజూ ప్రార్థన చేస్తుందావిడ."

"చేస్తుంది. రోడ్డుకి అవతల నుంచి. ఒకసారి ఇటొచ్చి గుమ్మంలో మంచు కూడా తవ్విపెడితే ఇంకా బాగుండును."

"ఆవిడ విశ్వాసి, సిర్కా."

"కాదన్నానా? అందుకేగా ఆవిడ అడుగుపెట్టగానే 'దేవుని సమాధానం' అంటావు. నాకు మాత్రం పొద్దున్నే 'శుభదినం' అంటావు, పోస్టు తెచ్చే మనిషికి చెప్పినట్టు."

"దేవుడిచ్చే శాంతి నీకుండాలని విశ్వాసులు విశ్వాసులకే చెప్పుకునే మాట అది. మిగతావాళ్ళకి శుభదినం. నేను పెట్టిన ఆచారమా అది?"

"కాదు."

"ముందు మానేసింది నువ్వు. నేను కాదు."

"అవును. నేనే మానేశాను. ఇంద, ఈ నీళ్ళు తాగు."

"యాలకులు వేశావా బన్నుల్లో?"

"వేశాను. నీకిష్టమని కాస్త ఎక్కువే వేశాను. నమ్మకం లేని చేతులతో చేసినవి, తింటారంటావా?"

"వేడిగా ఉంటే తింటారు."

"చూశావా. నువ్వూ వేళాకోళం ఆడతావు."

"సిర్కా. ఓ మాట అడుగుతాను, కోప్పడకు."

"అడగకు."

"ఏమిటో తెలియకుండానే?"

"తెలుసు. వాడి పేరెత్తే ముందు నువ్వు దుప్పటి అంచు మడతపెడతావు."

"పెడతానా?"

"ఇప్పుడు పెడుతున్నావు."

"ఆర్తు అక్కడ, పరలోకంలో ఉన్నాడు. చిన్నపిల్లలందరూ దేవుడి వాళ్ళే, దాంట్లో ఎవరికీ సందేహం లేదు. వేయ్కోని అడుగు, కెర్తుని అడుగు. నేను వెళ్ళగానే వాడు పరిగెత్తుకొస్తాడు. నన్ను చూస్తాడు. తర్వాత నా వెనక చూస్తాడు."

"పాలు పొంగాయేమో చూసొస్తాను."

"పొయ్యి మీద పాలు లేవు. కూర్చో."

"కూర్చున్నాను."

"నాలుగేళ్ళ పిల్లాడు. అమ్మేదీ అంటాడు. నీ కన్న కొడుకు అక్కడా, నువ్వు ఇంకెక్కడో. నేనేం చెప్పను వాడికి?"

"పనిలో ఉందని చెప్పు."

"సిర్కా."

"వాడికి అలవాటే. అమ్మ పనిలో ఉందంటే కాసేపు ఊరుకుంటాడు."

"ఎంతసేపు ఊరుకుంటాడు?"

"అమ్మా, చాలు."

"నాకోసం అడగడం లేదు నేను."

"తెలుసు. గోడవైపు తిరిగి ఏడుస్తావు కదా. చావంటే భయపడుతున్నావేమో అనుకున్నాను మొదట్లో."

"చావంటే భయమేమిటి నాకు? వాడికి చెప్పాల్సిన మాటే దొరకడం లేదు. విశ్వాసం వల్లే రక్షణ అని జీవితమంతా చెప్పాను, నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ నీకు చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతాను. మరి వాడికి అదే చెప్పాలంటే నోరు రావడం లేదు."

"వాడికి చెప్పకు. వాడి దగ్గరికి వెళ్ళాక ఎత్తుకో. ఎడమవైపు ఎత్తుకుంటే వాడికిష్టం."

"వాడు అక్కడున్నాడని నమ్ముతావా అయితే?"

"నమ్మాలని ఉంటుంది. నమ్మడమూ, నమ్మాలని ఉండడమూ ఒకటి కావు."

"వేయ్కో కూడా అంతేనంటాడు. ఒకటి కావంటాడు."

"చూడు, వేయ్కోకీ నాకూ ఒక మాట కలిసింది."

"ఆ రోజు సమాధి దగ్గర..."

"ఎందుకమ్మా ఇప్పుడది?"

"ఒక్కొక్కరే వచ్చి నీ చెయ్యి పట్టుకుని దేవుని సమాధానం అన్నారు. నువ్వు ఒక్కరికీ తిరిగి చెప్పలేదు. నాక్కూడా చెప్పలేదు."

"నా దగ్గర లేనిది తిరిగి ఎలా ఇస్తాను? ప్రయత్నించాను. నీ ముందుకొచ్చినప్పుడు కూడా ప్రయత్నించాను. రాలేదు."

"పంతం అనుకున్నాను."

"తెలుసు. అందరూ అనుకున్నారు."

"ఆ మర్నాటి పొద్దున నీకు శుభదినం అన్నాను."

"అన్నావు. కాఫీ పోస్తూ అన్నావు."

"భయం వేసిందా, అక్కడ? అందరూ చూస్తుండగా, తిరిగి చెప్పకుండా నిలబడినప్పుడు?"

"భయం కాదు."

"మరి?"

"వాళ్ళందరూ అటుపక్క ఉన్నారు. ఇటుపక్క నేనొక్కదాన్నే ఉన్నాను. వాడి పెట్టె కూడా అటుపక్కే ఉంది."

"నేనూ అటే ఉన్నాను."

"నువ్వూ అటే ఉన్నావు."

"ఎవరైనా ఒకరు ఇటొచ్చి నిలబడి ఉంటే?"

"ఏమో అమ్మా. ఎవరూ రాలేదుగా. కారు చప్పుడు. వేయ్కో అనుకుంటా, పెందలాడే వచ్చేశాడు. తల ఇటు తిప్పు, జుట్టు దువ్వుతాను."

"దువ్వు. నువ్వు ఎక్కడుంటావు, ప్రసంగమప్పుడు?"

"వంటింట్లో. తలుపు తీసే ఉంచుతాను, నీకేమన్నా కావాలంటే పిలువు."

"వద్దు. కుర్చీ తెచ్చుకుని ఇక్కడ వేసుకో."

"వాళ్ళ మధ్య నేనా?"

"వాళ్ళ మధ్య అనలేదు. నా పక్కన అన్నాను."

"నేను ఆ వాక్యం అడగనమ్మా. అందరి ముందూ నన్ను ఇరుకున పెట్టకు."

"అడగమనడం లేదు ఇంక."

"ఏమైంది నీకు?"

"ఏం కాలేదు. చెయ్యి ఇటివ్వు. చల్లగా ఉందేమిటి?"

"ఇప్పుడేగా తడిగుడ్డ పిండి నీ మొహం తుడిచాను. ఉండు, తుడుచుకుని..."

"తుడుచుకోకు. ఇలాగే ఉండనీ."

"రావచ్చా? బూట్లు గుమ్మంలోనే విప్పేశాను. అబ్బ, యాలకుల వాసన రోడ్డు దాకా వస్తోంది. శుభదినం, సిర్కా."

"శుభదినం, వేయ్కో. లోపలికి రండి. అమ్మ మెలకువగానే ఉంది."

"దేవుని సమాధానం, ఐలక్కా."

"అమ్మా, వేయ్కో వచ్చారు."

"పడుకుందేమో, లేపకులే. ఐలక్కా, నేను, వేయ్కోని. దేవుని సమాధానం."

"చూశాను, వేయ్కో. గుర్తుపట్టాను."

"మరి తిరిగి చెప్పవేం అక్కా?"

"మేమిద్దరం ఇటుపక్క ఉన్నాం, తమ్ముడూ. నాక్కూడా శుభదినం అను."