తాళం లాగి చూసినట్టు

అత్యవసర ఫోన్ల గదిలో పొద్దున్నే గంట మోగింది. తెర మీద నంబరు చూడగానే అక్కడ ఫోన్లు ఎత్తే అమ్మాయికి నవ్వొచ్చింది. తాళాలు బాగుచేసే తాత. ఈ వారమంతా బోణీ ఆయనదే.

"చెప్పండి తాతా, ఆపదేమిటి?"

"ఏమీ లేదమ్మా. పలుకుతారో లేదో చూద్దామని."

"నిన్న పలికాం కదా?"

"నిన్నటిది నిన్నే అయిపోయింది. తాళం వేశాక నేను రోజూ లాగి చూస్తానా, లేదా?"

"మరి అగ్గిపుల్లలు వెలుగుతాయో లేదో అన్నీ గీసి చూసుకుంటారా?"

"నీకు నోరెక్కువే!" అని నవ్వి, ఆయన గొంతు తగ్గించాడు. "మా ముసలిదానికి ఉబ్బసం తల్లీ. ఊపిరందనప్పుడు మీరు పలక్కపోతే నేనేం చేసేది?"

ఆమె వేళాకోళం కాస్త మెత్తబడింది. "పలుకుతాం తాతా. అప్పుడు ముందుగా ఏం చెప్తారు?"

"బాగున్నావా తల్లీ, అంటాను."

"నా బాగు తర్వాత! ముందు ఎక్కడున్నారో, ఆ పైన ఏమైందో చెప్పాలి. మేము పెట్టమనేదాకా ఫోన్ పెట్టకూడదు. ఏదీ, చెప్పండి."

"పాత సినిమా హాలు వెనక సందు, నీలం తలుపు. మా ఆవిడకి ఊపిరాడట్లేదు."

"భేష్! ఇక ఆపద లేకుండా మాత్రం ఫోన్ చేయకండి. మీరు లాగి చూసినంతసేపూ ఈ లైను ఇంకొకరికి అందదు."

"అంటే, ఇప్పుడు కూడా ఎవరికో ఊపిరందక..."

"ఉండొచ్చు తాతా."

"అయ్యో, ఆ మాట ముందే చెప్పవేం!"

రోజూ ఆమె పెళ్ళి సంగతి దాకా అడిగిగాని వదలని మనిషి, ఉంటానని కూడా అనకుండా ఫోన్ పెట్టేశాడు.

ఆ వెంటనే ఇంకో గంట మోగింది.