తొట్టి వంచే పని

రంగుల కార్ఖానా నుంచి వచ్చిన అక్క చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. పెరట్లో ఆమె వాటిని సబ్బుతో రుద్దుకుంటుంటే, చెల్లెలు చెంబుతో నీళ్ళు పోస్తూ, కాలవ గురించి మర్నాడు జరిగే సభలో మాట్లాడవలసింది అప్పజెప్పింది.

"నేలనీ ఆడదాన్నీ అణిచేది ఒకే చెయ్యి. మన కాలవని పాడుచేసే ఆ చేతిని ఆపాలి. ఎలా ఉందక్కా?"

"బాగానే ఉంది. కానీ కాలవలోకి రంగునీళ్ళ తొట్టి వంచేది నేనేగా. ఆ చెయ్యి నాదేనా?"

"నీది కాదు, యజమానిది."

"ఆయన తొట్టి ఛాయలకే రాడు. రంగు కలిపేది మగవాళ్ళు, మిగిలిన మురుగు పారబోసేది మేము."

"నేను చెప్పేదీ అదేగా."

"చెప్పు. కార్ఖానా మూస్తే ముందు ఇంట్లో కూర్చునేది కూడా మేమే."

"మూసెయ్యమనను. నీళ్ళు శుభ్రం చేసి వదలమంటాను."

"దానికి బోలెడు ఖర్చంటారు. అప్పుడు ముందు ఎవర్ని తీసేస్తారు?"

చదివిన పుస్తకాల్లో ఈ ప్రశ్న ఉందో లేదో చెల్లెలికి గుర్తు రాలేదు.

"పోనీ, మాట్లాడటం మానెయ్యనా?"

"మానేస్తే నా పిల్ల ఒంటిమీద దద్దుర్లు తగ్గుతాయా? దానికి స్నానం ఆ కాలవ నీళ్ళతోనేగా."

"మరి ఏం చెయ్యమంటావక్కా?"

"నన్నడుగుతావేమే? చదువుకున్నది నువ్వు."

"చదివినకొద్దీ అయోమయంగానే ఉంది."

అక్క నవ్వి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నువ్వు మాట్లాడు. సభ అయ్యేదాకా నేను తొట్టి వంచను."

"మేస్త్రీ ఊరుకుంటాడా?"

"నడుం పట్టేసిందంటాను."

"తర్వాత?"

"అది నాకూ తెలీదే. ఎల్లుండి గేటు లోపలికి రానిస్తే, వచ్చి చెబుతాను."