గోడవార వీరుడు

అమెరికాలో అంతర్యుద్ధం సాగుతున్న రోజులు. యుద్ధభూమిలో తను తీసిన శవాల ఫొటోలను ఫొటోగ్రాఫర్ క్రొవెల్ వాషింగ్టన్‌లోని తన హాల్లో వరసగా తగిలించాడు. ఊళ్ళో గొప్పవాళ్ళంతా వచ్చి, అయ్యో పాపం అనేసి, భోజనాలకు వెళ్ళిపోయారు. హల్డా అనే పల్లెటూరి ఆవిడ ఒక్కతే ఒక పటం ముందు మిగిలింది. క్రొవెల్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"చెయ్యి తియ్యమ్మా, అద్దం మీద మరకలు పడతాయి."

"వీడు మా తమ్ముడండీ. ఆసా."

"రోజూ ఎవరో ఒకరు వచ్చి ఇదే మాట. చచ్చాక మొహాలన్నీ ఒకలాగే ఉంటాయి."

"ఆ చొక్కాకి రెండో గుండీ వేరే రకం. నేను కుట్టిందే."

"సరే, మీ తమ్ముడే. సంతోషించు. కింద పేరు చదివావా? 'గోడవార వీరుడు'. ఊరంతా వచ్చి చూస్తోంది."

"వీరుడేమిటి, నా మొహం! పటాలంలో బాకా ఊదేవాడు. తుపాకీ పట్టడమే రాదు వాడికి. పక్కన ఆ తుపాకీ ఎవరిది?"

"నాదే. బండిలో ఉంటుంది. బోసిగా ఉంటే ఎవరు చూస్తారమ్మా?"

"అది మీకే ఉండనివ్వండి. నాకు వాడు కావాలి. అమ్మ సమాధి పక్కన పెట్టుకోవాలి. పోయిన నెల ఈ పటం చూసి ఆ గోడ వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కడంతా తవ్వించాను. లేడు."

"గోడ దగ్గరెందుకుంటాడు? మొక్కజొన్న చేలో పడున్నాడు. అక్కడ వెలుతురు లేదు. బండివాడూ నేనూ దుప్పట్లో వేసి పైకి, గోడ దగ్గరికి తెచ్చాం."

"తెచ్చారా! మీ ఇంట్లో కుర్చీ జరుపుకున్నట్టు! మళ్ళీ తీసుకెళ్ళి ఎక్కడివాణ్ణి అక్కడ పెట్టారా?"

"ఫొటో తీశాక గాజుపలక మీద మందు ఆరకముందే దాన్ని కడుక్కోవాలి. నీకేం తెలుసు? పాతేవాళ్ళు వస్తారు కదా, వాళ్ళే చూసుకుంటారని..."

"వాళ్ళనీ అడిగాను. గోడ దగ్గర ఎవ్వరూ లేరన్నారు."

"అయితే నన్నేం చెయ్యమంటావు? ఏ పందులో ఈడ్చుకుపోయుంటాయి."

"ఛీ! అది నోరేనా?"

"ఇదిగో, నీ ఏడుపు వినే తీరిక నాకు లేదు. కళ్ళుంటే పనితనం చూడు. ప్రతి రాయీ, ప్రతి గడ్డిపోచా ఎలా పడిందో! బతికున్నవాళ్ళయితే నా ప్రాణం తోడేస్తారు. ఫొటో పడేదాకా నేను లెక్కపెట్టినంతసేపు కుదురుగా ఉండి చావరు. కదిలినచోటల్లా అలికేసినట్టు పడుతుంది. శవాలతో ఆ బాధ లేదు."

"కదిలితే అలుక్కుపోతుందా?"

"పోతుంది."

"మరి వీడి ఎడంచెయ్యి ఇలా అలుక్కుపోయి ఉందేం?"

"ఏదీ... అదా? గాలి."

"గడ్డి కదలని గాలికి చెయ్యి కదిలిందా?"

"మందు సరిగా అంటలేదులే. పలక లోపం."

"పలకంతా బాగుండి, చేతి దగ్గరే లోపమా?"

"హాలు మూసే వేళయింది. వెళ్ళమ్మా."

"పటం కేసి కాదు, నా కేసి చూడు. నువ్వు మోసినప్పుడు వాడు బతికే ఉన్నాడు కదూ?"

"నాకేం తెలుసు? నేనేమైనా డాక్టర్నా?"

"ఉన్నాడా, లేదా?"

"ఎలాగూ బతికేవాడు కాదమ్మా. పొట్టలో..."

"ఏమైనా అడిగాడా?"

"నీళ్ళు అడిగాడు. కదలొద్దన్నాను."