కోత మిషను పెట్టిన దండం

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ," అని మొదలుపెట్టాడు రోడ్డు మేస్త్రీ.

టీకొట్టు బల్ల మీదున్నవాళ్ళు గ్లాసులు కిందపెట్టి సర్దుకు కూర్చున్నారు. ఆ మాట వచ్చిందంటే ఇక ఇప్పట్లో లేవలేమని అందరికీ తెలుసు. అందరికంటే బాగా తెలిసింది ఆయన భార్యకి. ఆమె కూర్చోలేదు. గుంజ పక్కన నిలబడి, ఆయన ఊపిరి తీసుకునే సందు కోసం చూస్తోంది.

ఆమెకి కావలసింది ఒక్క మాట. రేపు పెద్దాఫీసరు కారు హైవే మీద వెళ్తుందట. అంచులు గుండు గీసినట్టు నున్నగా ఉండాలని కోత మిషను తోలిస్తున్నారు. ఆ అంచుల్లోనే ఉన్నాయి, ఈ నేలలో తాతలనాటి నుంచి మొలిచే పూలమొక్కలు. ఆమె, ఆమెతో పాటు రోడ్డు ఊడ్చే ఆడవాళ్ళు మోకాళ్ళ మీద పాకి వేసినవి. ఇప్పుడిప్పుడే కాయ కడుతున్నాయి. గింజ రాలకముందే కోస్తే వచ్చే ఏడాది మిగిలేది మట్టే. నిరుడు కూడా కలుపు మొక్కలనుకుని కోయించేశాడీయన, మళ్ళీ మొదట్నుంచి గింజ వేసుకోవాల్సొచ్చింది. మిషను డ్రైవరు మంచివాడే, కానీ "ఆపాలంటే మేస్త్రీగారి నోటి మాట కావాలక్కా" అన్నాడు. ఆ నోరేమో ఖాళీగా లేదు.

"ఏవండీ, రేపటి సంగతి..."

"ఉండవే, అక్కడికే వస్తున్నా. ఏదో, ఈ చేత్తో గుప్పెడు గింజలు చల్లాను. అంతే. అంతకంటే నేను చేసిందేం లేదు."

ఆ చేతివంక చూసిందామె. సన్నటి గింజల్ని ఇసుకలో కలుపుకుని ఆడవాళ్ళు ఎండలో చల్లుతున్నప్పుడు ఆ చెయ్యి కల్వర్టు నీడలో ఫోను పట్టుకుని ఉంది.

"సాయంత్రం చల్లానా, తెల్లారేసరికి మోకాలెత్తు, మధ్యాహ్నానికి నిలువెత్తు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మబ్బులకి తగిలుంటాయి," అన్నాడు పంక్చర్లు వేసే ముసలాయన.

"అంత అబద్ధం నేనాడను. కరెంటు తీగల దగ్గర ఆగాయి. ఇక తేనెటీగలు చూడాలి, లారీల అద్దాలు తుడిస్తే తేనె కారేది. డ్రైవర్లు రొట్టెముక్క కిటికీలోంచి బయటపెట్టి బండి నడిపేవాళ్ళు, ఊరు చేరేసరికి టిఫిను తయారు."

"నా బండికి దుమ్ము తప్ప ఏమీ అంటలేదే," అన్నాడు పాలవ్యాను అతను.

"నువ్వు అవతలి వైపు నడిపుంటావు."

"ఏవండీ, డ్రైవరు ఇక్కడే ఉన్నాడు, ఆ ఒక్క మాటా..."

"చూశారా, ఆడవాళ్ళకి కథ వినే ఓపిక ఉండదు."

పెళ్ళయిన నాటి నుంచి వింటున్నది ఎవరట? ఇన్ని కథల్లో ఆమె కనిపించింది ఒక్కదాంట్లోనే, పామును చూసి కెవ్వుమనడానికి. ఆ పామును కర్రతో బయటికి తోలింది ఆమేనన్నది వేరే సంగతి.

"ఆ తర్వాత ఇనుప చువ్వల లారీ ఒకటి గుంటలోకి ఒరిగింది. క్రేను రాదు. నేనొక్క ఈల వేశా. పూల మీది సీతాకోకచిలుకలన్నీ లేచొచ్చి, లారీని ఎత్తి రోడ్డు మీద పెట్టి, టైర్లలో గాలి కూడా చూసి మరీ పోయాయి."

"అందుకా నాకు బేరాల్లేంది," అన్నాడు ముసలాయన.

"అసలుది ఇప్పుడు వినండి. కోత మిషను వచ్చింది. నేను అడ్డంగా నిలబడి, 'గింజ రాలేదాకా ఒక్క పరక ముట్టుకున్నావంటే చూడు' అన్నాను. ఏమైందో తెలుసా? ఇంజను తనంతట తానే ఆగింది. ముందు చక్రాలు మడిచి నాకు దండం పెట్టి, వెనక్కి తిరిగి షెడ్డుకి పోయింది. డ్రైవరు లేకుండా."

బల్ల చివర డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు.

"డ్రైవరున్నాడండీ. నేనే. నిరుడు అడ్డంగా నిలబడింది అక్క. మీరు ఫోనులో 'ఆవిడ పక్కనుంచి తోలెయ్' అన్నారు. ఇవాళ పొద్దున కూడా ఒక్క పరక మిగలకూడదన్నారు."

ముందు పాలవ్యాను అతను నవ్వాడు, తర్వాత బల్లంతా. మేస్త్రీ నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. కాపురానికి వచ్చాక ఆమెకి దొరికిన మొదటి సందు అది.

"పొద్దున ఏమన్నారో పక్కన పెట్టు తమ్ముడూ," అంది. "ఇప్పుడన్నదే చివరి మాట. గింజ రాలేదాకా ముట్టుకోవద్దన్నారు, ఇంతమంది విన్నారు. కాదంటే, ఇదంతా కోతలని ఆయన నోటితోనే చెప్పాలి."

అందరూ మేస్త్రీ వైపు తిరిగారు. పెద్దాఫీసరు ముందు చేతులు నలుపుకోవడం ఆయనకి కష్టం కాదు, రోజూ చేసేదే. టీకొట్టు ముందు కథ వెనక్కి తీసుకోవడమే ప్రాణం మీదికొచ్చే పని.

"అన్నాను," అని గొణిగాడు చివరికి. "అన్నానంటే అన్నట్టే."

"మరి ఎప్పుడు కొయ్యాలి?" అడిగాడు డ్రైవరు. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "మిమ్మల్ని కాదండీ, అక్కనడుగుతున్నా."

"కాయ వేలితో నొక్కితే పగలాలి. అప్పుడు నేనే కబురు చేస్తా," అంది ఆమె, కొంగు దులుపుకుంటూ. "అందాకా తాళం జేబులో భద్రంగా పెట్టుకో. నీ మిషను తనంతట తానే తిరిగే రకమట."