జున్ కోసం కట్టిన మల్లెదండ

“అమ్మమ్మా, వాట్సాప్ గ్రూప్‌లో నీ ఫొటో ఎవరు పెట్టారు? ప్లకార్డ్ పట్టుకుని ఉన్నావు. మమ్మీ ఎందుకంత అప్‌సెట్ అయింది?”

ఎవరు పెట్టారా? పెట్టాడు ఒక పుణ్యాత్ముడు. నీ బర్త్‌డే పార్టీలో బిర్యానీ బాలేదంటూనే మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాడే, ఆ అంకుల్. నీ ఫోన్లో రికార్డవుతోందా ఇది? అవనీ. మీ అమ్మ వింటే ఇంకా మంచిది.

ఆ ప్లకార్డ్ నాది కాదే, మా ఫ్రెండు మీలాది. ఆవిడ చేతులు ఖాళీ కావాల్సొచ్చి నాకిచ్చింది. ఎందుకు కావాల్సొచ్చాయో చెప్తాను, తొందరపడకు. మీలా తెలుసుగా నీకు, మన బాతెల్ ఊరి లైబ్రరీ ముందు బెంచీ మీద నాతో కూర్చుంటుంది, ఫిలిప్పీన్స్ ఆవిడ. నర్సుగా చేసి రిటైరైంది. వాళ్ళ భాషలో అక్కని ఆతే అంటారు, నేనూ ఆతే అనే పిలుస్తాను. నా ఇంగ్లీషు పుస్తకాల్లోంచి వచ్చింది, ఆవిడది ఆసుపత్రిలోంచి వచ్చింది. ఇద్దరికీ బానే కుదిరింది. నన్ను ఎనిమిదో క్లాసుతో మానిపించారు గానీ, పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివేదాన్ని. ఉప్పు కిందపోసి చదివానని మా అమ్మ చీపురు తీసింది ఒకసారి. సర్లే, అదెందుకిప్పుడు.

ఆవిడకో తమ్ముడు, జున్ అని. మనీలాలో కాలేజీ కుర్రాడు. అప్పట్లో వాళ్ళ దేశాన్ని ఏలినాయన మార్షల్ లా పెట్టాడు. అంటే ఏం లేదు, పేపర్లు మూసెయ్యడం, ఎదురు మాట్లాడినవాణ్ణి లోపలెయ్యడం, అదంతా దేశం బాగు కోసమేనని చెప్పుకోవడం. ఈ జున్, ఇంకో నలుగురూ కలిసి చాటుగా ఒక కాగితం అచ్చేసి పంచేవాళ్ళట. ఒకరోజు సిపాయిలొచ్చి జీపెక్కించారు. అంతే. జైల్లో లేడన్నారు, చచ్చిపోలేదన్నారు, అసలు మేం తీసుకెళ్ళనే లేదన్నారు. మనిషిని మింగి మూతి తుడుచుకున్నారు.

మీలా అప్పటికే ఇక్కడ నర్సు. డ్యూటీ దిగి ఆ తెల్లబట్టల మీదే కోటు తొడుక్కుని, సియాటిల్ వానలో ప్లకార్డ్ పట్టుకుని నిలబడేది, మా తమ్ముడెక్కడ అని. ఇక్కడున్న వాళ్ళవాళ్ళే మొహం తిప్పుకునేవాళ్ళట. చర్చిలో ఆవిడ కూర్చున్న బెంచీలో ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. దేశంలో మా అమ్మానాన్నలున్నారు తల్లీ, మా పక్కకి రాకు అని. పైగా వాళ్ళ సర్కారు పాస్‌పోర్ట్ రెన్యూ చెయ్యలేదు. కన్నతల్లి పోతే వెళ్ళలేకపోయింది. ఫోన్‌లో ఏడుపులు విని, కళ్ళు తుడుచుకుని, డ్యూటీకి పోయింది.

చివరికి జనం రోడ్ల నిండా నిలబడి ఆయన్ని దింపారు. దింపితే ఎక్కడికొచ్చాడనుకున్నావు? ఈ దేశమే విమానమెక్కించి హవాయి తీసుకొచ్చింది, పెట్టెలతో సహా. తల్లి శవాన్ని చూడ్డానికి మీలాకి దారి లేదు, ఆయనకి మాత్రం సముద్రం ఒడ్డున బస. ఇప్పుడాయన కొడుకే గద్దె మీదున్నాడు. ఓట్లేసి మరీ ఎక్కించారు. ఫోన్లో వీడియోలు చూసి ఆ రోజులు బంగారం అంటున్నార్ట పిల్లలు.

ఇదంతా నీ పార్టీలో చెబుతుంటే మన బిర్యానీ అంకుల్, ‘అయినా ఆయన టైంలో రోడ్లు బాగా వేశాట్టండీ, డిసిప్లిన్ ఉండేదట’ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎమర్జెన్సీ గురించి మనవాళ్ళదీ ఇదే పాట, రైళ్ళు టైముకొచ్చాయి, రైళ్ళు టైముకొచ్చాయి అని. ‘నాయనా, రైలు టైముకే వచ్చింది, అందులో ఎక్కాల్సినవాడు జైల్లో ఉన్నాడు, వాడి సంగతేంటి?’ అన్నాను. ప్లేటు పట్టుకుని పక్క రూమ్‌లోకి పోయాడు. ఇదిగో, ఎవరో తీసిన ఫొటో ఎక్కడో పట్టుకుని, గ్రూప్‌లో పెట్టి కక్ష తీర్చుకున్నాడు.

ఏటా సెప్టెంబర్‌లో, మార్షల్ లా పెట్టిన రోజు దగ్గర్లో, ఇక్కడి ఫిలిప్పీన్స్ వాళ్ళు కొందరు ఒక పార్కులో చేరతారు. తిరిగిరానివాళ్ళ ఫొటోలు కుర్చీల్లో పెట్టి ఒక్కో పేరూ పిలుస్తారు. ఈమధ్య మాయమైనవాళ్ళవీ కొత్తగా వచ్చి చేరుతున్నాయట, అదీ ఆవిడ బాధ. సరే, ఈసారి నాతో, నీకు పూలు కట్టడం వచ్చుగా, మా జున్‌కి ఒక దండ కట్టిపెట్టు అంది. మన ఇళ్ళల్లో ఫొటోకి దండ పడిందంటే ఇంక ఆ మనిషి లేడని కదుటే. కోపమొచ్చేసింది. ‘ఇన్నేళ్ళూ జవాబు చెప్పమని రోడ్డు మీద నిలబడి, ఇప్పుడు నీ చేత్తో నువ్వే చంపేస్తావా వాణ్ణి? నేను కట్టను ఫో’ అన్నాను. బెంచీ మీంచి లేచిపోయాను కూడా.

ఆవిడ నా కొంగు పట్టి కూర్చోబెట్టింది. నవ్వింది.

‘మాకు దండ పోయినవాళ్ళకి కాదు, వచ్చినవాళ్ళకి. దూరం నుంచి ఎవరన్నా వస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే మెడలో వేస్తాం. వాడొస్తే వెయ్యాలని ఏడాదికొకటి కట్టి తీసుకెళ్తాను. ఈసారి నా వేళ్ళు వంగట్లేదు.’

కడతానన్నాను. వాళ్ళదీ మల్లెపువ్వేనట, చూశావూ. గుంటూరులో మూర పావలా, పైన కొసరు వేసేవాళ్ళు. ఇక్కడ స్టోర్‌లోవి చూస్తే ఏడుపొస్తుంది. మీ అమ్మ కుండీలో మొగ్గలన్నీ కోసేశాను. మీ అమ్మ కోపంలో సగం అదే. మిగతా సగం నా గ్రీన్‌కార్డ్. ‘దానికేమన్నా అయితే? వాళ్ళ గొడవ మనకెందుకమ్మా?’ అంది. మనకెందుకు. ఆ మాట నేను ముందే విన్నాన్లేవే, మా నాన్న నోట.

మా చిన్నన్నయ్య, నువ్వు చూళ్ళేదు, లెక్చరర్... కాదు, లెక్చరర్ తర్వాత, అప్పటికింకా ట్యూషన్లే. ఎమర్జెన్సీలో కరపత్రాలు పంచాడని పట్టుకుపోయారు. ఎలక్షన్లయ్యాక వదిలారు. బస్సు దిగి వీధిలో నడిచొస్తున్నాడు, గడ్డం పెరిగి, చొక్కా హ్యాంగర్‌కి తగిలించినట్టు వేలాడుతూ. నేను అరుగు మీంచి చూసి, అన్నయ్యొచ్చాడని కేకేశాను. మా నాన్న బయటికొచ్చి ఏమన్నాడో తెలుసా?

‘నోర్ముయ్. వాణ్ణి దొడ్డిదారిన రమ్మను.’

ఇరుగుపొరుగు చూస్తారని. మా వీధిలో కల్తీ నూనె అమ్మి దొరికినవాడు జైలు నుంచి ముందు గుమ్మంలోంచే ఇంట్లోకొచ్చాడు, హారతిచ్చారు కూడా. మా అన్నయ్య మాత్రం సందులోంచి, పేడకుప్ప పక్కనుంచి, తలొంచుకుని వచ్చాడు. బతికినన్నాళ్ళూ ఆ జైలు మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. పోయాక వేశారు ఫొటోకి ఇంత లావు దండ. అప్పుడు ఊరంతా వచ్చి మహానుభావుడంది. ఎవడిక్కావాలే అది?

పార్కులో జున్ పేరు పిలిచారు. మీలా ప్లకార్డ్ నాకిచ్చేసి, దండ రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది, దారి వైపు తిరిగి, ఎవరో నడిచొస్తున్నట్టు. అంతమందీ అటే చూశారు, నేనూ చూశాను. నాకు గడ్డం పెరిగినవాడు కనపడ్డాడే, ఏం చెప్పను. కాసేపటికి ఆవిడ దండ తీసుకెళ్ళి కుర్చీకి తగిలించింది. కుర్చీకి, ఫొటోకి కాదు. ఆ ఫొటో అప్పటిది, కుర్చీ వాడొస్తే కూర్చోడానికి.

పై ఏడూ వెళ్తాను, మీ అమ్మకి చెప్పు. ఏమిటీ, నువ్వు డ్రైవ్ చేస్తావా? నా తల్లే. చల్లగా బతుకు. మంచి ఇల్లు కట్టుకో, ముందు గుమ్మం వెడల్పుగా పెట్టించుకో. ఎవరు ఏ జైల్లోంచి తిరిగొచ్చినా అందులోంచే రానీ... ఆ మల్లె కుండీలో నీళ్ళు పోశావా? పొయ్యి, పొయ్యి. మళ్ళీ మొగ్గ తొడగొద్దూ.