కొమ్మ మీద కొత్త కోత

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఉద్యాన శిక్షణ కేంద్రం ప్రిన్సిపాల్ సన్యాసిరాజు గారికి, పరీక్షల సంఘం తరఫున శ్రమపడి వచ్చిన ముఖ్య అతిథి నీలిమ గారికి, రేపటి నుంచి నా కుర్చీలో కూర్చోబోతూ ఈ రోజుకు నా పక్క కుర్చీతో సరిపెట్టుకున్న లెక్చరర్ సింహాద్రికి, సహోద్యోగులకు, తోట పనివాళ్లకు, పాత విద్యార్థులకు, వెనక వరసల్లో రేపటి పరీక్ష గురించి తప్ప నా గురించి ఏమాత్రం ఆలోచించని కొత్త విద్యార్థులకు, అందరికీ నమస్కారం.

ఇంతవరకు మాట్లాడినవాళ్లు నా గురించి చెప్పినవన్నీ శ్రద్ధగా విన్నాను. ఇంత మంచివాణ్ణి ఎందుకు పంపేస్తున్నారో మాత్రం అర్థం కాలేదు. (నవ్వులు.) నవ్వండి, పర్వాలేదు. సన్యాసిరాజు గారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

అనుమానం నా స్వభావమని మీకందరికీ తెలుసు. శాలువా కప్పినప్పుడు నేను దాని మడత విప్పి చూసుకుంటే ఇటువైపు ఎవరో కిసుక్కున నవ్వారు. నేను చదివిన పుస్తకాలు తక్కువేమీ కాదు. చరిత్ర కానివ్వండి, కథ కానివ్వండి, సన్మానం పొందినవాడికి ఆ తర్వాతి పేజీలో ఏదో ఒకటి జరగకుండా ఉండదు. అందుకే చూసుకుంటాను.

ఈ సభ మీద కూడా నాకొక అనుమానం ఉంది. వచ్చే వారం పెట్టుకుందాం, పరీక్ష గొడవ వదిలిపోతుంది, తీరిగ్గా టీ తాగుదాం అని నేనన్నాను. కాదు మాస్టారూ, ఈ సాయంత్రమే అన్నారు. పైగా కారు పంపించారు. ఇన్నేళ్లూ గాజువాకలో ఆటో కోసం నేను వానలో నిలబడుతుంటే ఎవరికీ గుర్తు రాని కారు, ఈ రోజు మా ఇంటి ముందు హారన్ కొట్టింది. పరీక్షకు ముందు రోజు సాయంత్రం నేను ఎక్కడుంటానో ఈ కేంద్రంలో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. తెలియని నీలిమ గారి కోసం చెబుతాను.

మా లాటిన్ పేర్ల పరీక్షకు ప్రశ్నపత్రం ఉండదమ్మా. పొడుగాటి బల్ల మీద ఇరవై సీసాలు, ఒక్కో సీసాలో ఒక్కో రెమ్మ. సీసా ముందు నిలబడి, గంట కొట్టేలోగా ఆ మొక్క లాటిన్ పేరు రాసి పక్క సీసా దగ్గరికి జరగాలి. ఇది పాసైతే సూపర్‌వైజర్ సర్టిఫికెట్టు. అది చేతిలో ఉంటే ఉక్కునగరం పార్కుల్లోనో, పోర్టు క్వార్టర్లలోనో, బీచి రోడ్డు హోటళ్లలోనో నీడ పట్టున ఉద్యోగం. లేకపోతే పార పట్టుకుని ఎండలో రోజు కూలి. ఆ రెమ్మల్ని ముందు రోజు సాయంత్రం మన తోటలోనే నేనూ పెద్ద తోటమాలి గఫూరూ కోస్తాం. గేటు దగ్గర మొదలుపెట్టి నర్సరీ షెడ్డు దాకా నడుస్తాం. కోసిన వరసలోనే బుట్టలో పేర్చి, ఆ వరసలోనే సీసాల్లో పెట్టి, గదికి తాళం వేస్తాం. మొదటి నుంచీ అది మా అలవాటు.

గఫూర్ అడుగో, ఆ తలుపు దగ్గర, కూర్చోమంటే కూర్చోకుండా నిలబడ్డాడు. పాతపట్నం నుంచి సైకిలు మీద వచ్చి చేరినప్పటి నుంచీ అంతే, వాడు కూర్చోగా నేను చూడలేదు. నన్ను బావా అని పిలవడమూ అప్పటి నుంచే.

లాటిన్ అనగానే పిల్లలు జడుసుకుంటారు. నిజానికి తెలుగువాళ్లకు వచ్చినంత సులువుగా ఆ పేర్లు ఇంకెవరికీ రాకూడదు. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తర్వాత. మొక్కలకూ అంతే. మాంజిఫెరా ఇంటిపేరు, ఇండికా సొంతపేరు. మామిడి వారి అమ్మాయి అన్నమాట. ఏటా మొదటి క్లాసులో ఈ మాట చెబుతాను, ఏటా పిల్లలు తల ఊపుతారు. ఒక్క నర్గీస్ మాత్రం చెయ్యి ఎత్తింది.

‘మాకూ షేక్ ముందే కదా సార్. మా వీధిలో సగం మంది షేకులే. అంటే మాది కూడా ఫైకస్ లాంటి ఫ్యామిలీయా?’

‘ఎలాగమ్మా?’

‘రావి ఫైకసే, మేడి ఫైకసే, జువ్వి ఫైకసే. పోస్ట్‌మ్యాన్‌కి ఎంత కష్టం సార్ ఆ ఇంట్లో.’

(నవ్వులు.) ఈ నర్గీస్ మన గఫూర్ మనవరాలు. తండ్రి లేడు. తాతతో పాటే పొద్దున్నే వచ్చి నర్సరీలో కూలికి మట్టి సంచులు నింపుతుంది, మధ్యాహ్నం క్లాసులో కూర్చుంటుంది, ఇంటికి వెళ్లాక పొయ్యి దగ్గర పేర్లు వల్లె వేస్తుంది. పక్కింటి సూర్యకాంతమ్మ ఒకనాడు గఫూర్‌ని వీధిలో ఆపి అడిగిందట. ‘ఏటి గఫూరూ, మీ గుంటకి గాలేటైనా సోకిందేటి? ఎప్పుడు సూసినా ఏదో బాసలో గొణుగుతంది.’ ‘గాలి కాదమ్మా, సరుగుడు సెట్టు. దాని పేరు నోరు తిరక్క సత్తంది’ అన్నాడట వీడు.

మీలో కొందరు అనుకుంటున్నారు, గుసగుసలు ఇక్కడికి వినబడుతున్నాయి. రెమ్మలు కోసేది తాత, పరీక్ష రాసేది మనవరాలు, ఇంకేం కావాలి అని. నేనూ అలాగే అనుకున్నాను. నేను అందరినీ అనుమానిస్తాను, అందులో గఫూర్‌కి ఏ మినహాయింపూ లేదు. ఆమె మొదటిసారి పరీక్ష రాసినప్పుడు వాడి నోటి మీద కన్ను వేసి కూర్చున్నాను. ఆ అమ్మాయి తప్పింది. మరుసటి ఏడూ తప్పింది. గన్నేరుకీ పచ్చ గన్నేరుకీ ఇంటిపేర్లు మార్చేసింది. ఆ రోజు గఫూర్ నా గదికి వచ్చాడు.

‘తప్పింది బావా. మా బాగా తప్పింది.’

‘ఒక్క ముక్క చెబితే పాసయ్యేది కదరా.’

‘సెప్పితే ఆ గుంటకి సీసాలో సెట్టు కనబడదు. నా మొకం కనబడతాది. నాను పోయాక ఏటి సూసి రాత్తాది?’

ఇంత అనుమానం మనిషినై ఉండీ ఆ రోజుతో వాడి నోటి మీద కన్ను వేయడం మానేశాను. ఆ కుళాయి దగ్గరున్నవాళ్లు మంచినీళ్లు ఇటు పంపండి.

ఇక అసలు విషయం. పరీక్షలో వచ్చే పేర్లు బయటికి చెప్పింది గఫూర్ కాదు, నేను కాదు. అయినా నాలుగైదేళ్లుగా ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చదివినవాళ్లకు ఇరవైకి ఇరవై వస్తున్నాయి. లాటిన్ అనే మాట సరిగ్గా పలకలేనివాళ్లకు కూడా వస్తున్నాయి. సాయంత్రాల్లో అక్కడ పాఠం చెప్పేది మన సింహాద్రి. అందులో తప్పేమీ లేదు. మనిషి ఎదగాలి.

ఎలా వస్తున్నాయా అని తోటలో తిరుగుతూ ఆలోచించాను. జవాబు తోటలోనే ఉంది. కొత్తగా కోసిన కొమ్మ చివర తెల్లగా, తడిగా మెరుస్తుంది. ఒక ఎండ కాసిందంటే గోధుమ రంగుకు తిరిగి మిగతా కొమ్మల్లో కలిసిపోతుంది. అంటే పరీక్ష రోజు తెల్లవారుజామున ఏ చెట్టు మీద తెల్లటి కోత ఉందో ఆ చెట్టు పరీక్షలో ఉన్నట్టే. గేటు నుంచి వరసగా నడిస్తే సీసాల వరస కూడా దొరికినట్టే. మేం గదికి తాళాలు వేసుకుని మురిసిపోతున్నాం, ప్రశ్నపత్రం చూస్తే చెట్లకు వేలాడుతోంది.

కిందటి పరీక్షకు ముందు సాయంత్రం నేనొక పని చేశాను. ఎప్పటిలాగే కోస్తూ వచ్చి, మూడో చెట్టుగా వేప రెమ్మ కోసి, బుట్టలో కాకుండా నా చేతిసంచిలో వేసుకున్నాను.

‘అదేటి బావా, ఏప సంచిలోకెల్లిందేటి?’ అన్నాడు గఫూర్.

‘పళ్లు తోముకోవడానికి.’

‘పళ్లున్నాయేటి నీకు?’

ఆ వేపాకు మా ఆవిడ బియ్యం డబ్బాలో వేసుకుంది; చెట్టు మీద తెల్లటి కోత మాత్రం ఉండిపోయింది. మర్నాడు తెలవారకముందే నేను వచ్చాను. గేటు దగ్గర సింహాద్రి బండి. లోపల ఏడెనిమిది మంది కుర్రాళ్లు నడుస్తున్నారు. నడక కోసం వచ్చినవాడు దారి చూస్తాడు, లేదంటే ఫోన్ చూస్తాడు. వీళ్లు కొమ్మల్లోకి చూస్తున్నారు.

‘ఏం సింహాద్రీ, నడక ఎప్పటి నుంచి?’

‘సుగర్ సార్. డాక్టర్ నడవమన్నాడు.’

‘ఈ పిల్లలందరికీ సుగరేనా?’

‘ఈళ్లా... ఈళ్లు నాకు తోడొచ్చారు సార్.’

(నవ్వులు.) సింహాద్రీ, నువ్వు కూడా నవ్వు, లేకపోతే బాగుండదు.

ఆ ఉదయం పరీక్షలో జరిగింది నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. మూడో సీసాలో కాగితం పువ్వు రెమ్మ ఉంది, గులాబీ రంగులో, దూరం నుంచి కళ్లకు కొట్టేలా. దాని ముందు నిలబడి వాళ్లు అజాడిరాక్టా ఇండికా అని రాశారు. వేప. నాలుగో సీసాలో నాగజెముడు. ముళ్లు వేలికి గుచ్చుకునేంత దగ్గర నిలబడి, బోగన్విలియా, అంటే కాగితం పువ్వు అని రాశారు. ఐదో సీసాలో మందారం విచ్చుకుని ఉంటే దానికి నాగజెముడు పేరు పెట్టారు. ఒక్కడు కాదు, ఆ బృందం మొత్తం. ఒకే తప్పు, ఒకే వరసలో, చివరి సీసా దాకా ఒక్కో చెట్టు చొప్పున జరుగుతూ పోయారు. పేర్లలో ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అంత బాగా బట్టీ పట్టారు. సీసా వైపు ఒక్కసారి చూడాలని మాత్రం ఒక్కడికీ తోచలేదు.

నర్గీస్‌కి కూడా రెండు తప్పులు వచ్చాయి. ఆ రెండూ ఆమె సొంత తప్పులు. మార్కుల లెక్కలో పాసైంది.

దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంటారని అనుకున్నాను. నా అంచనా తప్పింది. రెండు రోజుల్లో ఒక మాట పుట్టింది. మాస్టారికి చూపు మందగించింది, సీసాలు తారుమారు చేశాడు, పాపం పెద్దవాడు. నా బీరువాలో పుస్తకాలన్నీ చిన్నక్షరాలవే, రోజూ చదువుతూనే ఉన్నాను; అయినా నా చూపు నాకు తెలియకుండా తగ్గిపోయింది. సన్యాసిరాజు గారు నన్ను పిలిచి చాలా మర్యాదగా మాట్లాడారు. పిల్లల భవిష్యత్తు అన్నారు. కేంద్రం పేరు అన్నారు. కేంద్రం పేరు అంటే ఏమిటండీ? కానుగకు పొంగేమియా అని నేర్పాను, కాదు మిల్లెటియా అన్నారు, ఇప్పుడు మళ్లీ పొంగేమియానే అంటున్నారు. పేరు ఎన్నిసార్లు మార్చినా కానుగ కానుగలాగే ఉంది. మనం కూడా ఎలా ఉన్నామో అలాగే ఉంటాం.

పరీక్ష రద్దయింది. నర్గీస్ పాసవడమూ అందులోనే కొట్టుకుపోయింది. నీలిమ గారూ, సీసాలు తారుమారయ్యాయని మీ సంఘానికి చెప్పారు, మీరు నమ్మారు. నమ్మడం తప్పు కాదు. నేనైతే నమ్మేవాణ్ణి కాదు. రిటైరయ్యాక కూడా ఏటా నా ఉద్యోగం పొడిగిస్తూ వచ్చినవాళ్లు ఈ ఏడు పొడిగించలేదు. రేపు మళ్లీ పరీక్ష. మూడుసార్లకు మించి రాయకూడదని మన నిబంధన. రద్దయినదాన్ని లెక్కలోకి తీసుకోరు కాబట్టి నర్గీస్‌కి రేపటిదే ఆఖరు. ఆ రెమ్మలు కోయాల్సిన సాయంత్రం నేనేమో ఇక్కడ దండ వేసుకుని కూర్చున్నాను. ఈ సభ కాగానే సింహాద్రి వెళ్లి కోస్తాడని ఉదయం నోటీసు బోర్డులో చూశాను.

వెనక తలుపు దగ్గర ఇద్దరు లేస్తున్నారు. వెళ్లండి బాబూ, తోట తీసే ఉంది. కానీ వెళ్లేముందు ఈ ఒక్క మాట వినండి, నడక తప్పుతుంది.

నా ఉద్యోగం ఈ రోజు చివరి దాకా ఉందని మీరే ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. పొద్దున మీరంతా ఈ హాల్లో రంగు కాగితాలు అంటిస్తుంటే నేనూ గఫూరూ తోటలోకి వెళ్లాం. మొదటి నాలుగు చెట్లూ వాడు ఎప్పటిలాగే కోశాడు. తర్వాత నిచ్చెన మీద నుంచి కిందకు చూశాడు.

‘బావా, ఇదీ కొయ్యాలేటి?’

‘కోయి.’

‘అదీనా?’

‘అదీ.’

‘అన్నీ కోసీమంటావేటి? రేపు పరీచ్చా, తోటకి పెళ్లా?’

గేటు నుంచి నర్సరీ షెడ్డు దాకా, ఆ వెనక కంచె దాకా, ఈ తోటలో పాఠంలో ఉన్న ప్రతి చెట్టుకీ, ప్రతి పొదకీ, ప్రతి తీగకీ ఇప్పుడు ఒక తెల్లటి కోత ఉంది; ఈ రోజంతా మబ్బే కాబట్టి ఏదీ రంగు తిరగలేదు. పెన్సిలంత రెమ్మ, చెట్టుకు ఏ నష్టమూ లేదు. చూసి రాసుకునేవాళ్లు ఈ రాత్రి హాయిగా రాసుకోవచ్చు. రాసుకుంటే మొత్తం సిలబస్ వస్తుంది. ఆ రెమ్మలన్నీ బకెట్లలో, నీళ్లలో, పరీక్ష గదిలో ఉన్నాయి. నీలిమ గారూ, తాళంచెవి ఇది. దయచేసి ఇలా అందుకోండి, అందరూ చూస్తారు. రేపు ఉదయం గంట కొట్టే ముందు మీరే వెళ్లి ఇరవై ఏరండి. మీకు తోచినవి ఏరండి, తోచిన వరసలో పెట్టండి. ఈ సాయంత్రం సింహాద్రిని కష్టపెట్టాల్సిన పని లేదు, ఆయనకు సుగరు కూడా ఉంది.

నన్ను ఇన్నేళ్లు భరించిన ఈ కేంద్రానికి, చెట్లు నాటి పోయిన పెద్దలకు, నా మాటలకు నొచ్చుకున్నవాళ్లకు కూడా కృతజ్ఞతలు. నొచ్చుకున్నారంటే విన్నారన్నమాట. గఫూర్‌కి కృతజ్ఞతలు చెబితే తిడతాడు కాబట్టి చెప్పను.

నర్గీస్, నువ్వు కిటికీ పక్కన ఉన్నావు, కనిపిస్తున్నావు. ఈ సంగతి మీ తాత నీకు చెప్పలేదని నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. రేపు నువ్వు పాసవుతావో లేదో నాకు తెలియదు. మీ తాతకు తెలియదు. నాలుగైదేళ్ల తర్వాత మొదటిసారి, ఈ హాల్లో ఎవరికీ తెలియదు. పరీక్ష అంటే ఇదేనమ్మా. ఇంటికి వెళ్లి కాస్త నిద్రపో.

నాకిక సెలవు.